సైలెన్సర్ చుక్కలు, స్టీలు గ్లాసు: బహదూర్‌పల్లి నుంచి కీసర దాకా మా కారు తొలి ప్రయాణం

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రయాణంలో సగం దూరం నన్ను నడిపించింది ఆ కోపమే. నేను బహదూర్‌పల్లిలో పదకొండేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. పప్పు, సాంబారు, రెండు కూరలు, ఒక వేపుడు, ఆదివారమైతే కోడికూర. నలభై నాలుగేళ్ల వయసులో, మొన్న దసరా అయ్యాక, డ్రైవింగ్ నేర్చుకున్నాను. మా పుట్టింట్లోనూ అత్తగారింట్లోనూ కలిపి వెతికినా స్టీరింగ్ పట్టిన మొదటి మనిషిని నేనే. మగవాళ్లను కూడా లెక్కలో వేసుకునే చెబుతున్నాను. దుండిగల్ వైపు కొత్తగా కడుతున్న ఒక కాలనీలో పనిచేసేవాళ్లకు రోజూ అరవై భోజనాలు పంపే ఆర్డర్ నాకు దొరికింది. ఆటోలను నమ్ముకుని రెండుసార్లు ఆలస్యం చేశాను. ‘సోమవారం నుంచి సొంత బండిలో పన్నెండున్నరకు తెస్తేనే ఆర్డర్ మీది, లేదంటే వేరేవాళ్లకు ఇచ్చేస్తాం’ అని సైటు మేనేజర్ తేల్చి చెప్పాడు. అందుకని ఒక పాత కారు కొన్నాను. తెల్లది, చిన్నది, వెనక సీటు మడిస్తే నాలుగు పెద్ద క్యారియర్లు పట్టేది.

బండిని చూసిపెట్టింది మా అక్క సుగుణ భర్త నర్సింహ బావ. ఆయన మేడ్చల్‌లో ప్లాట్ల మధ్యవర్తి. బండి యజమాని బావ వాళ్ల వీధిలోనే ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారు. మంచి మనిషి. ‘శుక్రవారం రాత్రి తీసుకుపోండి, నడిపి చూసుకోండి. నచ్చకపోతే ఆదివారం సాయంత్రం ఆరింటిలోపు తెచ్చి అప్పగించండి, మీ డబ్బు మీకిచ్చేస్తాను’ అన్నారు. శనివారం షాపు రద్దీలో బండిని కదిలించడానికే కుదరలేదు. ఆదివారం షాపు మా ఆయనకు అప్పగించి, మా అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, మేడ్చల్ మీదుగా కీసర గుట్టకు వెళ్లి బండికి పూజ చేయించి, తిరుగుదారిలో శామీర్‌పేటలో చేపలు తినాలని అనుకున్నాం. అత్తమ్మ పేరు మల్లమ్మ, వయసు డెబ్భై రెండు. శామీర్‌పేటలో చేపలు పట్టే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడకు కారు ముందు సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి.

డిసెంబరు చలి. పొద్దున ఆరున్నర. వాకిట్లో ముగ్గు వేసి, హారతి పళ్లెం పట్టుకుని అత్తమ్మ బండి వెనక నిలబడింది. నేను తాళం తిప్పాను. ఇంజన్ ఒక్క దెబ్బకే అందుకుంది. నేను లోపల పొంగిపోతూ ఉండగా, “ఓ సుజాతా! ఎనకకు రా, జల్దీ!” అని కేక వినిపించింది. దిగి వెనక్కి వెళ్లి చూస్తే, సైలెన్సర్ గొట్టం చివర నుంచి టప్ టప్ మని నీళ్లు. ఒకటీ రెండూ కాదు, ముగ్గు మీద మసి కలిసిన నల్లటి చుక్కలు వరసగా పడుతున్నాయి. దాంతో పాటు సన్నగా తెల్లటి పొగ. పొగ రావలసిన చోట నీళ్లేమిటి? మా ఆయన ఫోనులో వీడియో తీసి బావకు పంపాడు. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది. “అరె, హెడ్ గ్యాస్కెట్ పోయినట్టుంది! ఇంజన్ సల్లబరిచే నీళ్ళు లోపటికి దిగి బయటికొస్తున్నయ్. మా దోస్తు కారుకు గిట్లనే అయింది, ఇంజన్ మొత్తం ఇప్పిండ్రు. పూజ గీజ బంద్ జేసి సీదా మేడ్చల్ రా, బండి సారుకు అప్పజెప్దాం,” అన్నాడు బావ.

నాకు ఎంత మండిందో చెప్పలేను. కారు మీద కాదు, బావ మీద. ఆ గొంతులో ‘నేను ముందే చెప్పాను కదా, ఆడవాళ్లకు కారెందుకు’ అన్న మాట వినిపించింది. ఆయన ఆ మాట అనలేదు, నిజమే. నాకు మాత్రం వినిపించింది. అత్తమ్మ హారతి పళ్లెం లోపల పెట్టేసి వచ్చి బండి ఎక్కుతూ ఒక నిబంధన పెట్టింది. “గుట్టకు పోదాం గనీ, పూజ ఇప్పుడే అనకు. పూజ జేసిన బండిని వాపస్ ఇయ్యొద్దు. నిమ్మకాయలు తొక్కిచ్చినమంటే బండి మన ఇంటిదైనట్టే. మంచిదో చెడ్డదో తేల్చుకున్నంకనే కొబ్బరికాయ కొడ్దాం.” మా ఇళ్లల్లో ఇది గట్టి పట్టింపు. ఇంటికొచ్చిన కోడలిని ఎలా వెనక్కి పంపమో, బొట్టు పెట్టిన బండినీ అలాగే పంపం. అంటే, సాయంత్రం ఆరింటిలోపు నేను తేల్చుకోవాలి. బండి వెనక్కి పోతే సోమవారం ఆర్డరు కూడా దానితోనే పోతుంది.

బహదూర్‌పల్లి నుంచి గండిమైసమ్మ చౌరస్తా దాకా పది నిమిషాలు. అక్కడ కుడికి తిరిగితే మేడ్చల్ రోడ్డు. కొత్తగా నేర్చుకున్నవాళ్లకు ఆదివారం పొద్దున ఏడింటిలోపు ఈ దారి హాయిగా ఉంటుంది. ఎనిమిది దాటితే ఇసుక లారీలు, కాలేజీ బస్సులు, షేర్ ఆటోలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. నేను నలభై దాటకుండా ఎడమ పక్కనే పోయాను. ఏడు గంటల పది నిమిషాలకల్లా మేడ్చల్ బస్టాండు దగ్గరికి చేరాం. ఆగి వెనక్కి వెళ్లి చూస్తే ఒక చిత్రం: గొట్టం ఎండిపోయి ఉంది. చుక్క లేదు, పొగ లేదు. కొంగుతో అంచు తుడిచి చూశాను, మసి తప్ప తడి లేదు. ఆ సంగతిని మనసులో పెట్టుకున్నాను కానీ దానికి అర్థం ఏమిటో అప్పటికి తెలియదు.

అక్క ఇంట్లో ఉప్మా, చాయ్. బావ తినకుండా ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఆయనకు తెలిసిన ఒక మెకానిక్ బండిని చూడకుండానే ఫోన్లో ‘గ్యాస్కెటే’ అన్నాడట. గంటన్నర అయ్యాక బావ మళ్లీ స్టార్ట్ చేసి చూపించమన్నాడు. చలిగాలికి ఇంజన్ అప్పటికే చల్లబడింది. స్టార్ట్ చేయగానే మళ్లీ టప్ టప్ మని చుక్కలు. “జూడు, కారుతాంది! నేను జెప్పలే? బండి నేను జూపిచ్చిన. రేపు నడి తొవ్వల ఆగిపోతే ఆ పేరు నాకే. నా ఇజ్జత్ పోతది సుజాతా,” అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఆయన కోపం వెనక ఉన్నది భయం. అయినా నేను తగ్గలేదు. “ఆరు గంటల దాక టైమున్నది బావా. ఆరింటికి ఇదే గడప ముందుకొస్త. అప్పటిదాక నా బండి గురించి ఎవరికీ ఫోన్ జెయ్యకు,” అని చెప్పి బయటపడ్డాను. అక్క నాలుగు అరటిపళ్లు, ఒక కొబ్బరికాయ సంచిలో పెట్టి ఇచ్చింది. కొబ్బరికాయ ఎందుకు పెట్టిందో అడగలేదు.

వీధి మలుపులో చాయ్ బండి దగ్గర కూరగాయల ట్రాలీ ఆటో ఒకటి ఆగి ఉంది. దాని డ్రైవర్ యాదగిరి, యాభై దాటిన మనిషి, మా గొడవంతా విన్నట్టున్నాడు. “అక్కా, ఒక్కమాట జెప్పాల్నా?” అని తనే వచ్చాడు. బానెట్ తెరిపించి ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బా చూపించాడు. ఇంజన్‌ను చల్లగా ఉంచే పచ్చటి ద్రవం అందులో ఉంటుంది, దాన్నే కూలెంట్ అంటారు. “గ్యాస్కెట్ పోతే గీ కూలెంట్ తగ్గుతది. ఇంజన్ సల్లగున్నప్పుడు ఎంతున్నదో గుర్తు పెట్టుకో. తిరిగి వచ్చి, మళ్ళ సల్లారినంక జూడు. తగ్గకపోతే బేఫికర్. ఇంజన్ వేడి మీదున్నప్పుడు మాత్రం మూత ముట్టకు, మొకం కాలుతది.” గుర్తు పెట్టడానికి నా దగ్గర పెన్ను లేదు. నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి, ద్రవం మట్టానికి సరిగ్గా డబ్బా మీద అంటించాను. యాదగిరి పకపకా నవ్వాడు. “మరి ఆ నీళ్ళు యాడియి అన్నా?” అని అడిగాను. “పెట్రోల్ కాలితే నీళ్ళ ఆవిరి పుడతదక్కా. గది సల్లటి గొట్టానికి తగిలి నీళ్ళయితది. నా ఆటోకు గూడ పొద్దుగాల గట్లనే వస్తది,” అన్నాడు. నిప్పులోంచి నీళ్లా! నన్ను వెర్రిదాన్ని చేస్తున్నాడు అనుకున్నాను. చాయ్ డబ్బులు నేనే ఇచ్చాను కానీ ఆ మాట మాత్రం నమ్మలేదు.

బండి సంగతి తేలేదాకా పూజ లేదు కాబట్టి ముందు శామీర్‌పేటకే బయలుదేరాం. మేడ్చల్ నుంచి అక్కడికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు ఉంటుంది. మెల్లగా పోతే అరగంట. రోడ్డు బాగుంటుంది, కాకపోతే ఊళ్లు వచ్చినప్పుడల్లా స్పీడ్ బ్రేకర్లు చెప్పకుండా ఎదురవుతాయి. రంగు పోయి ఉంటాయి కాబట్టి ముందు బండి బ్రేకు లైట్ల మీదే కన్నేసి ఉంచండి. సగం దారిలో అత్తమ్మ అద్దం దించమంది. చల్లగాలి ముఖానికి కొడుతుంటే చాలాసేపు బయటికి చూస్తూ ఉండిపోయింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. “గీ తొవ్వల నేను గంప నెత్తిన బెట్టుకొని నడిసిన బిడ్డా. కోడి కూయంగ బయలెల్లి మేడ్చల్ అంగట్ల దించేదాన్ని. చెప్పులు గూడ లేకుండె.” నాకు తెలియని సంగతి కాదు, కానీ ఆ రోడ్డు మీదే వింటుంటే వేరేగా ఉంది. “మరి చేపల నీళ్ళు కారవా అత్తమ్మా?” అన్నాను. “కారకుంట ఉంటయా? నడిసినంత సేపు మెడ మీదికెల్లి ఈపు దాక నీళ్ళే. నీళ్ళు కారుడే తప్పయితే నా గంపను ఎన్నడో పారేసేటోళ్ళు!” అంది. స్టీరింగ్ మీద చేతులుంచుకుని గట్టిగా నవ్వాను. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. ఆ గంప మోసిన మనిషి ఇప్పుడు అదే దారిలో నా పక్కన, నా బండిలో కూర్చుని ఉంది. గర్వంగా ఉందా అంటే, ఉంది. దాచుకోను.

పదింటికి శామీర్‌పేట చెరువు దగ్గరికి చేరాం. ఆదివారం పదకొండు దాటితే సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చే కార్లతో పార్కింగ్ దొరకదు, ఆలోపే వెళ్లండి. మాకు ముప్ఫై రూపాయలు తీసుకుని నీడలో చోటిచ్చారు. అత్తమ్మ చెరువు కట్ట మీద అటూ ఇటూ నడిచి, వలలు ఆరేసుకుంటున్న వాళ్లతో ఏ ఇంటివాళ్లో వరసలు కలిపి పలకరించి వచ్చింది. పన్నెండు కాకముందే ఆకలైంది. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో స్వరూప అనే ఆవిడ చేపల వేపుడు అమ్ముతుంది. ప్లేటు నూట యాభై, నాలుగు ముక్కలు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ. అన్నం కావాలంటే విడిగా. మేం అన్నం కూడా అడిగాం. వెళ్లింది త్వరగా కాబట్టి అన్నం ఇంకా కాలేదు. “పది నిమిషాలు కూసోండ్రి, ఇప్పుడే ఎసరు పెడ్త,” అని క్యాన్‌లోంచి చల్లటి నీళ్లు పెద్ద బగోనాలో పోసి, గ్యాస్ బట్టీ మీద ఎక్కించి ముట్టించింది.

అర నిమిషం కాలేదు. సుయ్ మని చప్పుడు. మళ్లీ సుయ్. బగోనా అడుగున బయటివైపు చెమట పట్టినట్టు తడి చేరి, చుక్కలు చుక్కలుగా మంట మీద పడుతున్నాయి. “ఓటు బగోనా ఏందమ్మా? కారుతాంది,” అంది అత్తమ్మ. స్వరూప తల కూడా తిప్పలేదు. “ఓటు గాదు పెద్దమ్మా. సల్లనీళ్ళు పోసి గ్యాస్ ముట్టిస్తే గిట్లనే కారుతది. గిన్నె వేడైనంక బంద్ అయితది. నా బగోనాలన్నీ గంతే.” అత్తమ్మ నా వైపు చూసింది. నేను అత్తమ్మ వైపు చూడలేకపోయాను. ఎందుకంటే పదకొండేళ్ల నాటి నా బగోనా కళ్ల ముందుకొచ్చింది.

ఈ కథలో సగమే అత్తమ్మకు తెలుసు, మిగతా సగం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. కర్రీ పాయింట్ మొదలుపెట్టిన వారంలోనే నేను ఒక మందపాటి అల్యూమినియం బగోనా కొన్నాను. నా సొంత సంపాదనతో కొన్న మొదటి గిన్నె అది. చల్లటి నీళ్లు పోసి గ్యాస్ మీద పెడితే ఇలాగే కారింది. పక్కవాళ్లు వచ్చి చూసి ‘అయ్యో, నిన్ను మోసం చేశారు, చిల్లి ఉంది’ అన్నారు. నేను నమ్మాను. పాత సామాన్లవాడికి వేసేసి, బదులుగా ఒక ప్లాస్టిక్ టబ్బు తెచ్చుకున్నాను. తర్వాత కొన్న బగోనా కూడా కారింది. ఆ తర్వాతదీ కారింది. అప్పుడు గాని తెలియలేదు, మొదటి దానికి ఏ చిల్లీ లేదని. నవ్వుతారని నోరు మూసుకున్నాను. పదకొండేళ్లుగా రోజూ పొద్దున ఆ సుయ్ మనే చప్పుడు వింటున్నాను, గరిటె తిప్పుతున్నాను, ఆ నీళ్లు ఎక్కడివని ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. గిన్నెలో నీళ్లు గిన్నెలోనే ఉన్నాయి. మరి కింద చేరేది ఎక్కడిది? మంటలోంచే రావాలి. గ్యాస్ కాలుతుంటే ఆవిరి పుడుతోంది, చల్లటి గిన్నెకు తగిలి చుక్కవుతోంది, గిన్నె వేడెక్కాక చుక్క కట్టకుండా ఆవిరిగానే పోతోంది. యాదగిరి పొద్దున చెప్పింది ఇదే! బగోనా ఉన్న చోట గొట్టం, గ్యాస్ ఉన్న చోట పెట్రోలు, అంతే తేడా. అంత పెద్ద మనిషి మంచి మాట చెబితే చాయ్ తాగించి మనసులో వెక్కిరించాను చూడండి, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అయినా అనుకోవడం వేరు, కళ్లతో చూడడం వేరు. అన్నం ఉడికేలోపే లేచాను. స్వరూపను అడిగి ఒక స్టీలు గ్లాసు, చేపల పెట్టెలోంచి నాలుగు ఐసు ముక్కలు, ఒక పట్కారు తీసుకున్నాను. కారు స్టార్ట్ చేసి పది నిమిషాలు అలాగే ఉంచాను. చుట్టూ ఆరుబయలు కాబట్టి సరిపోయింది, మూసిన షెడ్డులో మాత్రం ఈ పని ఎవరూ చేయకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది. మొదట చుక్కలు పడ్డాయి, తర్వాత ఆగాయి, గొట్టం పూర్తిగా ఎండిపోయింది. అప్పుడు గ్లాసులో నీళ్లు పోసి ఐసు వేశాను. చల్లటి గ్లాసుకు ఉత్త గాలిలో పెట్టినా చెమట పడుతుంది కదా అని, బయట పొడిగుడ్డతో తుడిచి, ముందు బండికి దూరంగా పట్టుకుని పదంకెలు లెక్కపెట్టాను. కొద్దిగా మంచు పట్టినట్టయింది, అంతే. మళ్లీ తుడిచి, పట్కారుతో పట్టుకుని, గొట్టానికి జానెడు దూరంలో పెట్టి పదంకెలు లెక్కపెట్టాను. గ్లాసు బయటంతా నీళ్లు! జారి, చుక్కలై, కింద పడుతున్నాయి. ఎండిన గొట్టంలోంచి తడి వస్తోంది. అంటే నీళ్లు ఎప్పుడూ వస్తూనే ఉన్నాయి, వేడిగా ఉన్నప్పుడు మన కంటికి కనపడవు, అంతే.

అత్తమ్మ గ్లాసు అందుకుని, వేలితో చుక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ చేప ఎప్పుడు పట్టినదో వాసనతో చెప్పగల మనిషి ఆవిడ. కూలెంట్‌కు ఒక రకమైన తియ్యటి వాసన ఉంటుందని డ్రైవింగ్ నేర్పిన మాస్టారు చెప్పిన మాట నాకు గుర్తొచ్చి, “తియ్యగ వస్తాందా అత్తమ్మా?” అని అడిగాను. “పొగ వాసన తప్ప ఏం లేదు. బండి మంచిదే బిడ్డా. పాపం, దాన్ని పొద్దటి సంది తిడ్తున్నం,” అంది. అప్పటికి అన్నం అయింది. చేపలు ఎంత రుచిగా ఉన్నాయో నిజంగా నాకు గుర్తులేదు. నా కళ్లు బానెట్ మీదే ఉన్నాయి. కడుపు నిండా తిని, గంటన్నర నీడలో కూర్చుని, ఇంజన్ బాగా చల్లారాక రెండు గంటలకు బానెట్ ఎత్తాను. ఎర్రటి బొట్టు, దాని పక్కనే పచ్చటి మట్టం. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. నేను గట్టిగా అరిచిన అరుపుకు స్వరూప గరిటెతో బయటికి పరుగెత్తుకొచ్చింది.

“ఇగ గుట్టకు పోదాం పా,” అంది అత్తమ్మ. చేపలు తిన్నామే అంటే, “పూజ బండికి గద, మనం గుళ్లెకు పోం, బయటనే ఉందాం,” అంది. శామీర్‌పేట నుంచి కీసర గుట్టకు, దారి అడుక్కుంటూ పోయిన మాకు ముప్పావు గంట పట్టింది. గుట్ట మీదికి రోడ్డు ఉంది, మలుపుల దగ్గర రెండో గేరులో ఎక్కించండి, భయమేమీ లేదు. వాహన పూజకు కౌంటర్‌లో టికెట్ తీసుకోవాలి, రేటు అక్కడే రాసి ఉంటుంది. మధ్యాహ్నం కొంతసేపు పూజలు ఉండవు, మూడున్నర తర్వాత వెళితే నిలబడే పని ఉండదు. పంతులు గారు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసి, కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించారు. “ఎవరమ్మా డ్రైవరు?” అని చుట్టూ చూశారు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అంది, “మా కోడలు.” రెండే మాటలు. కొబ్బరికాయ, అక్క ఇచ్చిన ఆ కొబ్బరికాయే, ఒక్క దెబ్బకు సమంగా పగిలింది. నేను క్లచ్ వదిలాను, నిమ్మకాయలు చిట్లాయి. ఇక వెనక్కి ఇచ్చే మాట లేదు.

నాలుగూ నలభై అయింది. వచ్చిన దారిన పోతే ఆరింటికి మేడ్చల్ చేరడం కష్టం. అంతవరకు ఔటర్ రింగ్ రోడ్డు జోలికి పోకూడదు అనుకున్న నేను, కీసర దగ్గర ఔటర్ ఎక్కాను. ఎడమ పక్క లేన్‌లోనే, ఎనభై దాటకుండా, అద్దాలు చూసుకుంటూ. అక్కడ ఆగకూడదు, వెనక్కి తిరగకూడదు, నాలాంటి కొత్తవాళ్లకు నిజానికి అదే సులువు. అయిదున్నర దాటుతుండగా మేడ్చల్‌లో దిగి బావ వీధిలోకి తిరిగాను. గడప ముందు బావ, పక్కన హెడ్మాస్టరు గారు, కుర్చీలో కాగితాల సంచి. మా బండి ముందు చక్రాల మీద నిమ్మకాయ పిప్పి, బానెట్ మీద కుంకుమ చూసి బావ లేచి నిలబడ్డాడు. “పూజ గూడ జేపిచ్చినవా! ఎవర్నడిగి జేపిచ్చినవ్?” అన్నాడు. “బండినే అడిగిన బావా,” అన్నాను.

కోపంతో కాదు, నిదానంగా చూపించాను. అక్క చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసు తెచ్చింది. ఇంజన్ ఆపకుండానే, ఎండిన గొట్టం దగ్గర గ్లాసును బావ చేతే పట్టించాను. తడిసిన గ్లాసును తిప్పి తిప్పి చూశాడు. తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ తడిసింది. “మరి మెకానిక్ గ్యాస్కెటన్నడే...” అని సణిగాడు. హెడ్మాస్టరు గారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. “అమ్మా, ఈ చుక్కలకు నేల మరకలైతున్నదని ఎనిమిదేళ్లు గొట్టం కింద రేకు పళ్ళెం పెట్టిన. దాచిపెట్టింది గాదమ్మా, నాకు మతికే రాలే. ముప్ఫై ఏండ్లు సోషల్ జెప్పిన, సైన్స్ టీచరైతే ముందే జెప్పేటోణ్ణి,” అన్నారు. అందరం నవ్వాం. చల్లారాక బానెట్ ఎత్తి చూపిస్తానని, బొట్టు కథ కూడా చెప్పాను. బావ గ్లాసు అక్క చేతికిచ్చి, “సరే తియ్యి. నన్ను బస్టాండు దాక తీసుకపో, ఎట్ల నడుపుతవో జూస్త,” అంటూ ముందు తలుపు తీశాడు. లోపల అత్తమ్మ కదలకుండా కూర్చుని ఉంది. “ఎనకకు కూసో నర్సింహా. ముంగట సీటు నాది,” అంది.

సోమవారం పన్నెండూ ఇరవైకి అరవై భోజనాలు సైటుకు చేరాయి. ఆర్డరు నాదే. నిజానికి నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు, ఒక ట్రాలీ డ్రైవరుకు, ఒక చేపల వంటావిడకు ముందే తెలిసిన సంగతి అది. నేను రోజూ నా పొయ్యి మీద చూస్తున్నదే. కాకపోతే పదకొండేళ్ల కింద పదిమంది మాట విని మంచి బగోనాను పారేసుకున్నాను, ఈసారి పారేసుకోలేదు. ఆ బగోనా ఇప్పుడు ఎవరి ఇంట్లో అన్నం వండుతోందో తెలియదు. వాళ్లకు ఒకటే చెప్పాలని ఉంది, దానికి చిల్లి లేదు, నిశ్చింతగా వండుకోండి. ఇక పాత బండి కొని తొలి ప్రయాణానికి బయలుదేరేవాళ్లకు నా సలహా ఒక్కటే: పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బా మీద మట్టం దగ్గర ఒక స్టిక్కర్ బొట్టు అంటించండి, సాయంత్రం పూర్తిగా చల్లారాక చూడండి. మట్టం తగ్గినా, ఇంజన్ వేడెక్కాక కూడా చిక్కటి తెల్లపొగ ఆగకపోయినా మెకానిక్ దగ్గరికి పోండి. రెండూ లేకపోతే ఆ చుక్కలను కారనివ్వండి. నా బొట్టు ఇంకా ఆ డబ్బా మీదే ఉంది. రంగు వెలిసింది గానీ, మట్టం దాని కిందికి దిగలేదు.